కుడితి గోలేల మీద వేసిన నేల

"పగలగొట్టాలండీ. ఈ మూల మొత్తం, గోడ దాకా పగలగొట్టాలి."

"నీకేమన్నా మతిపోయిందా సూరమ్మా? రేపు పొద్దున ఏడూ పన్నెండుకి ముహూర్తం పెట్టుకుని ఇవాళ నేల పగలగొడతావా?"

"ముహూర్తం ఇంకోటి పెట్టించుకోవచ్చు."

"ఎక్కడ పెట్టించను? ఎల్లుండి నించీ మూఢం. మళ్ళీ మంచిరోజు వచ్చేదాకా వాణ్ణి ఆ హాల్లోనే పడుకోబెట్టమంటావా? వేసిందీ నువ్వే, బాగాలేదనేదీ నువ్వే. ముప్పయ్యేళ్ళ నించి మేస్త్రిపని చేస్తున్నానని చెప్పుకుంటావు, సిగ్గులేదూ?"

"వేసింది నేను కాబట్టే చెబుతున్నా. కింద ఏముందో మీరు చెప్పండి, పైన ఏం చెయ్యాలో నేను చెబుతా."

ఆ మాటతో ప్రసాదరావు గారు మాట ఆపేసి తలుపు వైపు చూశారు, ఎవరన్నా విన్నారేమోనని. నాలుగేళ్ళ కిందటి మాఘమాసంలో, మధ్యాహ్నం మూడింటప్పుడు, ఆగిరిపల్లి అవతల ఒక మామిడి తోటలో జరిగిన మాటలివి. మేం నిలబడ్డది అంతకు రెండు నెలల ముందు వరకూ గొడ్ల సావిడి. మర్నాటి నించీ ఆయన కొడుకు మురళి పడుకోవలసిన గది.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. తట్టలు మోసే కూలిగా మొదలుపెట్టాను. మా ఆయన మేస్త్రి. ఆయన పోయాక తాపీ, తూకంగుండు, ముఠా అన్నీ నా చేతికొచ్చాయి. మేస్త్రమ్మ అంటారు నన్ను. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. పాత ఇళ్ళు బాగుచెయ్యడానికి నన్ను పిలుస్తారు, ఎందుకంటే నేను దేన్నీ పారెయ్యను. పాత ఇటికని గీకి మళ్ళీ వాడతాను, వంకరపోయిన మేకుని రాయి మీద పెట్టి తిన్నగా కొడతాను. పొదుపు తెలిసిన మనిషినని పేరు. ఈ సంగతిలో ఆ పొదుపు చేసిన చెరుపు కూడా ఉంది. అందుకే రాస్తున్నాను.

ప్రసాదరావు గారిది పద్నాలుగెకరాల తోట. తోట నడుమ పెంకుటిల్లు, దాని వెనక సావిడి. భార్య సుశీలమ్మ గారు. ఒక్కడే కొడుకు మురళి, ముప్పయ్యేళ్ళవాడు. అంతకు ముందటి ఏడాది కాయ కోత రోజుల్లో చిక్కం కట్టిన గెడ పట్టుకుని కొమ్మ మీద నించి జారిపడ్డాడు. నడుం కింద నించి స్పర్శ పోయింది. చక్రాల కుర్చీలోనే అన్నీ. ఆ పెంకుటిల్లు చూస్తే ఎత్తరుగుల ఇల్లు, ఆరు మెట్లు. అతన్ని స్నానానికి దించాలన్నా ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తాలి. కూలీలు లేని రోజున స్నానం లేదు. పడుకుని పడుకుని వీపు మీద పుండ్లు పడ్డాయి. సుశీలమ్మ గారికి ఒక ఆలోచన వచ్చింది. గొడ్లు అమ్మేసి అయిదేళ్ళయింది, సావిడి ఖాళీగా ఉంది. గొడ్లు నడిచిపోయేది కాబట్టి దాని నేల వాకిలితో సమానం, మెట్టు లేదు. అదే అబ్బాయికి గది చేద్దాం అన్నారు.

పెంకుటింట్లో పని తక్కువ. కారుతున్న పెంకు మార్చాం, హాల్లో పెచ్చులు ఊడిన చోట సున్నం పూశాం. అసలు పని సావిడిలోనే. మట్టి అడుసుతో కట్టిన ఇటిక గోడలవి. గొడ్ల మూత్రం ఏళ్ళ తరబడి పీల్చి మోకాలెత్తు దాకా ఉప్పు పట్టాయి. అలాంటి గోడ మీద సిమెంటు పూస్తే ఏడాదిలో ఊడిపోతుంది. ముందు సందుల్లోని మట్టి గీకి, సున్నం ఇసుకా కూరాలి. దాన్ని పాయింటింగ్ అంటాం. అదయ్యాక పుచ్చిన తాటివాసాలు మార్చాం. పెంకు కింద ఫాల్స్ సీలింగ్ వేశాం, అంటే ఎండ దిగకుండా రేకుల్లాంటి పలకలతో ఇంకో కప్పు. ఏసీ పెడతామన్నారు కాబట్టి గోడల పైన ఉన్న గాలిగూళ్ళన్నీ మూసేశాం. అద్దాల కిటికీలు రెండు పెట్టాం, కుర్చీతో వెళ్ళేలా గదికి ఆనించి బాత్రూము కట్టాం. ఇన్నేళ్ళూ నాలుగు వైపుల నించీ గాలి ఆడిన సావిడి డబ్బాలాగా బిగిసింది. అది చూసి నేను సంతోషించాను కూడా.

మురళి రోజూ కుర్చీ తోసుకుంటూ వాకిట్లోకి వచ్చి మా పని చూసేవాడు. ఇంట్లో నించి దించడానికి ఎవరన్నా దొరికితేనే అనుకోండి. గది నేల కొంచెం ఎత్తు లేపుతున్నాం కాబట్టి వాకిలి నించి లోపలికి ర్యాంపు కడుతున్నాం. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉంటేనే కుర్చీ ఒక్కడే తోసుకోగలడు.

"మామ్మా, ఇంకొంచెం ఏటవాలు పెట్టు. దిగేటప్పుడు సరదాగా ఉంటుంది."

"ఒకసారి పడ్డది చాల్లేదా?"

"చెట్టు మీద నించి పడ్డా. ర్యాంపు మీద నించి ఇంకా పడలేదుగా."

"నోర్మూసుకుని ఆ టేపు చివర పట్టుకో. ఊరికే కూర్చునేవాళ్ళకి నా దగ్గర టీ లేదు."

నవ్వేవాడు. ఆ ఇంట్లో అతనితో అలా మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే అని సుశీలమ్మ గారు ఒకసారి అన్నారు.

ఇక నేల సంగతి. వాన నీళ్ళు రాకుండా జానెడు ఎత్తు లేపాలి. పాత నేల మీద మట్టీ, గులకా పోసి నింపడాన్ని ఫిల్లింగ్ అంటాం. దాన్ని దిమ్మిసతో గట్టిగా కొట్టి, పైన కంకరా సిమెంటూ పోస్తాం, అది పీసీసీ. దాని మీద నున్నటి గచ్చు. ఫిల్లింగులో ఒకటే సూత్రం, కింద ఎక్కడా బోలు ఉండకూడదు. గొయ్యో, బొరియో, పాత పాతరో ఏది కనపడినా తెరిచి, ఇసక నింపి, నీళ్ళు పోసి దిగనియ్యాలి. ఇది నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

సావిడిలో ఈశాన్యం మూల రెండు మట్టి గోలేలు మెడ దాకా పాతి ఉన్నాయి. కుడితి గోలేలు. వాటి మూతుల మీద నాపరాయి పలకలు పెట్టి చుట్టూ సిమెంటు మెత్తి ఉంది. నాగేశు మా అక్క కొడుకు, నా దగ్గర పెద్ద తాపీ పనివాడు. వాడు గునపం తీసుకుని వచ్చాడు.

"పిన్నీ, వీటిని పెకలించనా?"

గునపంతో తట్టి చూశాను. పూర్తి బోలుగానూ మోగలేదు, నిండుగానూ మోగలేదు. ప్రసాదరావు గారిని అడిగితే ఆయన అటు తిరిగే చెప్పారు.

"ఖాళీవే. మా నాన్న పాతించినవి, వాటి జోలికెళ్ళకండి. అట్లాగే పూడ్చెయ్యండి."

గొడ్లకి కుడితి పెట్టిన గోలెం మూతికి సిమెంటు ఎవరు మెత్తుతారు? ఆ ప్రశ్న నాకు రావాలి. వచ్చింది కూడా. ఆ పలకలు లేపి, ఇసక తెప్పించి నింపాలంటే ఇద్దరు మనుషులకి ఒక పూట పని. ఆయనే వద్దంటున్నాడు, ఒక పూట కలిసొస్తుంది కదా అనుకున్నాను. "పూడ్చెయ్యరా" అన్నాను.

దిమ్మిస కొడుతుంటే ఆ మూలలో కింద ఎక్కడో పటుక్కుమంది. నాగేశు చెయ్యి ఆపి నా వైపు చూశాడు. నేను "కానియ్" అన్నాను.

గచ్చు వేశాక క్యూరింగు. అంటే నేల మీద మట్టికట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టడం. సిమెంటు ఎంత నీళ్ళు తాగితే అంత గట్టిపడుతుంది. గాలికి ఆరిపోకుండా తలుపులూ కిటికీలూ మూసి, గోనెపట్టాలు పరిచి వారం వదిలేశాం. ముహూర్తానికి ముందురోజు నీళ్ళు తోడేద్దామని తలుపు తీశాను.

వాసన ముఖాన కొట్టింది. ఈశాన్యం మూల గచ్చు సన్నగా బీట తీసింది, ఆ బీటలోంచి బుడగలు లేస్తున్నాయి, అన్నం ఉడికేటప్పుడు లేచినట్టు.

మా వైపు పుట్టినవాళ్ళకి ఆ వాసన తెలుసు. పచ్చి కాయల్ని గడ్డిలో పేర్చి, మధ్యమధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టి రెండు రోజుల్లో రంగు తెప్పించే కొట్లు ఉండేవి. ఆ రాయికి తడి తగిలితే వెల్లుల్లి దంచినట్టు వాసన వస్తుంది. అట్లా మగ్గబెట్టడం నేరమని తరవాత గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. హనుమాన్ జంక్షన్‌లో లారీలు బాగుచేసేచోట ఇదే రాయిని డబ్బాలో నీళ్ళలో వేసి, వచ్చే గ్యాసుతో ఇనుము కోస్తారు. ఇనుముని కోసే మంట అది.

అందుకే ఆయన్ని పిలిచి పగలగొట్టాలన్నాను. కింద ఏముందని అడిగాను. తలుపు వైపు చూసిన తరవాత ఆయన గొంతు తగ్గింది.

"కార్బైడే. కాయలు కొనే వ్యాపారి తెచ్చి పెట్టాడు. తనిఖీకి వస్తున్నారని తెలిసి, ప్లాస్టిక్ సంచుల్లో కట్టి గోలేల్లో పడేసి మూతలు వేయించా. ఇన్నేళ్ళలో మట్టైపోయి ఉంటుందనుకున్నా."

"ఎంత?"

"రెండూ నిండా."

"నిండా పెట్టి, ఖాళీవని నాతో చెప్పారా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? నీ ముఠాలో ఎనిమిది నోళ్ళు. ఇప్పుడు నేల తవ్వితే పందిట్లో ఉన్న చుట్టాలందరూ చూస్తారు. రేపు నా మీద కేసు, ఎల్లుండి నా కాయ కొనేవాడు ఉండడు. అంతా గాలికి పోతుందిలే. కిటికీలు తీసిపెట్టు."

"గాలికి పోయేదాకా అగ్గిపుల్ల గీసినా ప్రమాదమే బాబుగారూ."

"గియ్యం. పాలు బయట పందిట్లో పొంగిద్దాం. లోపల నిప్పన్న మాటే లేదు. సరేనా? మూఢం వెళ్ళాక వాణ్ణి నాలుగు రోజులు హాల్లోకి మార్చి, నువ్వన్నట్టే తవ్విద్దాం."

"అమ్మగారికి చెప్పండి."

"చెబుతాలే. నువ్వు మాత్రం చెప్పొద్దు."

ఇంతలో సుశీలమ్మ గారే మజ్జిగ గ్లాసులు పట్టుకుని వచ్చారు.

"ఏంటి సూరమ్మా, గొంతులు పందిట్లోకి వినపడుతున్నాయి. ఆయనతో గొడవ పెట్టుకున్నావా?"

"గచ్చు ఆరలేదంటోంది" అన్నారు ప్రసాదరావు గారు.

ఆవిడ నా వైపు చూశారు. "అవునమ్మా" అన్నాను.

"ఆరకపోతే రేపటికి ఆరుతుందిలే. ఏంటీ వాసన? వెల్లుల్లి వాసనలాగా."

"పాత సావిడి కదమ్మా. తడిస్తే వస్తుంది" అన్నాను నేనే. ఆయన అననేలేదు.

"సరేలే, అగరొత్తులు పెడదాం. వాడు పొద్దుటి నించి నాలుగుసార్లు అడిగాడు, రేపు రాత్రి నిజంగా ఈ గదిలోనే పడుకుంటానా అని. ఎవర్నీ పిలవకుండా బాత్రూముకి వెళ్తానట. పెళ్ళికొడుకులాగా ఉంది వాడి సంబరం."

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆయనకి మాటిచ్చానని కాదు. చెప్పాలంటే, మూత ఎత్తి చూడలేదన్నది కూడా చెప్పాలి. దిమ్మిస కింద పటుక్కుమన్నప్పుడు కానియ్యమన్నది కూడా చెప్పాలి. సూరమ్మ వేసిన నేల వారానికే పగలగొట్టారట అని నూజివీడు దాకా అనుకుంటారు. ముప్పయ్యేళ్ళలో నా పని ఎవరూ పగలగొట్టలేదు. ఆ పేరు చూసుకున్నాను. సాయంత్రం మేమే నీళ్ళు తోడేసి, రెండు కిటికీలూ తలుపూ బార్లా తీసి, గోనెపట్టాలు బయట వేసి, "లోపల అగరొత్తులు కూడా వద్దమ్మా, గచ్చు మీద మసి పడుతుంది" అని ఆవిడకి అబద్ధం చెప్పి ఇంటికొచ్చాం.

అప్పటి నించీ నేను రెండు పద్ధతులు పెట్టుకున్నాను. పాత ఇంట్లో మూత ఉన్న ప్రతిదీ నా చేత్తో ఎత్తి చూస్తాను, ఇంటాయన వద్దన్నా సరే. రెండోది, పనిలో తేడా కనపడితే ముందు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషికి చెబుతాను. మిగతావాళ్ళకి ఆ తరవాత. ఇవి నేర్చుకున్నది నా ఒళ్ళు కాలి కాదు. అది మరీ చేదు.

మర్నాడు పొద్దున నేనూ నాగేశూ వెళ్ళేసరికి పందిట్లో మూడిటికల మీద పాలగిన్నె పెట్టి ఉంది. చుట్టాలు ముప్పైమంది దాకా ఉన్నారు. నేను చూసిన మొదటి వస్తువు కిటికీలు. మూసి ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది. పక్క తోటలో తెల్లవారుజాము నించీ పూతకి మందు కొడుతున్నారు, స్ప్రేయరు మోత ఇంకా వినిపిస్తోంది. ఆ మందు గదిలోకి రాకుండా సుశీలమ్మ గారే అన్నీ మూయించారట.

ప్రసాదరావు గారి కోసం చూశాను. పట్టుపంచె కట్టుకుని పీట మీద ఉన్నారు. ఆయన కూడా కిటికీల వైపే చూస్తున్నారు. నన్ను చూసి తల కిందికి దించుకున్నారు. అప్పుడు అర్థమైంది, ఆవిడకి చెప్పలేదని.

పాలు పొంగాయి. పంతులుగారు ఒక దీపం వెలిగించి సుశీలమ్మ గారి చేతిలో పెట్టారు. "లోపల ఈశాన్యంలో ఈ దీపం ఉంచి రండమ్మా, తరవాత అబ్బాయిని తీసుకెళ్దాం" అన్నారు. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, దీపానికి చెయ్యి అడ్డం పెట్టి ర్యాంపు ఎక్కారు. మురళి ర్యాంపు కింద కుర్చీలో ఉన్నాడు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. ఆయన చెబుతారని నేను, నేను చెబుతానని ఆయన. ఆవిడ మోచేత్తో తలుపు తోశారు. "అమ్మా, ఆగండి" అన్నాను. అప్పటికి గడప దాటేశారు.

పెద్ద చప్పుడేం కాదు. తడి దుప్పటి దులిపినట్టు ఒక్క దెబ్బ. కిటికీ అద్దాలు వాకిట్లో పడ్డాయి. ఫాల్స్ సీలింగ్ పలకలు కూలాయి.

నాగేశు బయట ఉన్న గోనెపట్టాలు తొట్టిలో ముంచి లోపలికి దూరాడు. వాడి వెనక నేను వెళ్ళాను. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. చీర మండుతోంది, జుట్టు లేదు. పట్టాలు కప్పి బయటికి లాగాం. ర్యాంపు మొదట్లోనే మురళి కుర్చీలోంచి నేల మీదికి జారిపోయి, కుర్చీని మా వైపు తోస్తున్నాడు. "ఇందులో, అమ్మని ఇందులో ఎక్కించండి" అన్నాడు. బిందెలతో నీళ్ళు పోసి, ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి కారు దాకా తోశాం. మురళిని నాగేశు భుజాన వేసుకుని ముందు సీట్లో పడేశాడు.

నూజివీడులో ఆస్పత్రికి చేర్చేసరికి ఎనిమిది కాలేదు. డాక్టరుగారు చిన్నవాడు. ఆవిడని చూస్తూనే అడిగాడు.

"ఎట్లా అంటుకుంది?"

"పాలు పొంగిస్తుంటే కొంగుకి అంటుకుందండి" అన్నారు ప్రసాదరావు గారు.

"ఆరుబయటేనా? మూసిన గదిలో కాదుగా?"

"బయటేనండి. పందిట్లో."

నర్సు రాసుకుంటోంది. మంచం మీద నించి సుశీలమ్మ గారు ఏదో అనబోయారు. మాట రాలేదు, గరగరమని శబ్దం వచ్చింది. కళ్ళు మాత్రం నా మీద ఉన్నాయి.

"అది రాయొద్దమ్మా" అన్నాను నర్సుతో. "పొయ్యి కాదు. మూసిన గది. నేల కింద గోలేల్లో కార్బైడ్ ఉంది, తడిసింది. తెల్లవారుజామున కిటికీలు మూసినప్పటి నించీ గ్యాసు చేరి ఉంటుంది. ఈవిడ దీపం తీసుకెళ్ళింది."

"సూరమ్మా" అన్నారు ప్రసాదరావు గారు.

"గోలేలు మూయించింది ఈయన. మూత తెరిచి చూడకుండా పైన నేల వేసింది నేను. నా పేరు కూడా రాసుకో."

డాక్టరుగారు మంచం మీదికి వంగాడు. లైటు వేసి ఆవిడ నోట్లోకి చూశాడు. నాలుక వెనక అంతా మసి. మంట పీల్చిందనీ, గొంతు వాచి ఊపిరి ఆగిపోతుందనీ నర్సుతో చెప్పి, అప్పటికప్పుడు గొట్టం వేసి, విజయవాడ పంపడానికి అంబులెన్సు పిలిపించాడు. ఆవిడ బతికారు, మూడు నెలలకి ఇంటికొచ్చారు. అది తరవాతి మాట. ఆ పొద్దున అంబులెన్సు వెళ్ళేటప్పటికి ఎవరికీ ఏమీ తెలియదు.

నేను బయటికొచ్చాను. కారు ముందు తలుపు తీసి ఉంది. కుర్చీ లేక మురళి ఆ సీట్లోనే ఉన్నాడు. నాగేశు అంతా చెప్పేసినట్టున్నాడు.

"మామ్మా, మీకు నిన్ననే తెలుసా?"

"తెలుసు బాబూ."

"అమ్మ మజ్జిగ తెచ్చిచ్చినప్పటికి తెలుసా?"

"తెలుసు."

అతను చెయ్యి చాచి కారు తలుపు వేసుకున్నాడు.